స్టాంపు ప్రదర్శనల పతకాలు: మీ ప్రశ్నలకు జవాబులు

తపాలా బిళ్ళల ప్రదర్శనల్లో జ్యూరీ ఇచ్చిన పతకాలను సేకరించే పాఠకులు పంపిన ప్రశ్నల్లో తరచుగా వచ్చినవి కొన్ని ఇవి. ఒకే విషయం మీద వచ్చిన ప్రశ్నలను కలిపి ఒకే జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: వేలంలో ఒక పెద్ద పతకం కొన్నాను. ఒకవైపు పెన్నీ బ్లాక్ (ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ళ) బొమ్మ, రెండోవైపు ప్రదర్శన పేరు, సంవత్సరం ఉన్నాయి. అమ్మినాయన దీన్ని "గోల్డ్ మెడల్" అన్నాడు. ఇది బహుమతి పతకమేనా?

జవాబు: ఇప్పుడే అవునని చెప్పలేం. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. పెద్ద ప్రదర్శన జరిగితే ఒకే బొమ్మతో, ఒక్కోసారి ఒకే అచ్చుతో, రకరకాల పతకాలు తయారవుతాయి. జ్యూరీ మార్కులు వేసి ఇచ్చేవి కొన్ని. పోటీలో లేకుండా గౌరవ విభాగంలో పెట్టిన సంగ్రహాలకు ఇచ్చేవి కొన్ని. జ్యూరీ సభ్యులకూ, దేశాల తరఫున వచ్చే కమిషనర్లకూ ఇచ్చేవి మరికొన్ని. ఇవి కాక సందర్శకులకు అమ్మే జ్ఞాపికలు ఉంటాయి. ఈ జ్ఞాపికలు కూడా బంగారు పూతతోనో వెండితోనో కంచుతోనో వస్తాయి. అందుకే రంగు చూసి ఏదీ తేల్చకూడదు.

చూడాల్సినవి వరుసగా చెబుతాం. మొదట, బహుమతి స్థాయిని తెలిపే మాట (లార్జ్ గోల్డ్, వెర్మీల్, సిల్వర్ బ్రాంజ్ లాంటిది) ఎక్కడైనా ఉందేమో వెతకండి. అది పతకం ముఖం మీదే ఉండాలని లేదు. అంచు మీద ఉండొచ్చు, పెట్టె మూత లోపలి పట్టుగుడ్డ మీద అచ్చువేసి ఉండొచ్చు. తరవాత వెనకవైపు పేరు చెక్కడానికి వదిలిన నున్నని ఖాళీ ఉందా చూడండి. పేరు చెక్కి ఉన్నా లేకపోయినా, ఆ ఖాళీ ఉంటే బహుమతి పతకం అయ్యే అవకాశం బాగా ఎక్కువ. మూడోది అంచు మీది వరుస సంఖ్య. "ఇన్నింటిలో ఇన్నోది" అని అంకెలు కొట్టి ఉంటే అది దాదాపుగా అమ్మకానికి చేసిన పరిమిత ముద్రణే. బహుమతి పతకాలకు అలా సంఖ్య వెయ్యడం అరుదు.

ఈ మూడింటిలో ఏదీ అనుకూలంగా లేకపోతే దాన్ని జ్ఞాపికగానే లెక్కవేసి, ఆ ధరే ఇవ్వండి. తరవాత కాగితాలు దొరికి బహుమతి పతకమని రుజువైతే అప్పుడు మీ జాబితాలో మార్చుకోవచ్చు.

ప్రశ్న: బంగారు, వెండి, కంచు అని మూడే అనుకున్నాను. మధ్యలో ఈ వెర్మీల్, సిల్వర్ బ్రాంజ్ ఏమిటి? అసలు ఎన్ని మెట్లు?

జవాబు: ప్రపంచ స్థాయి ప్రదర్శనలకు నియమాలు పెట్టేది ఎఫ్ఐపీ, అంటే 1926లో ఏర్పడిన అంతర్జాతీయ ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ, అధ్యయనం) సమాఖ్య. ఆ లెక్కలో ఎనిమిది మెట్లు. నూటికి 95 మార్కులు, ఆపైన వస్తే లార్జ్ గోల్డ్. 90కి గోల్డ్, 85కి లార్జ్ వెర్మీల్, 80కి వెర్మీల్, 75కి లార్జ్ సిల్వర్, 70కి సిల్వర్, 65కి సిల్వర్ బ్రాంజ్, 60కి బ్రాంజ్. గ్రాండ్ ప్రీ అనేది ఈ మెట్లకు పైన ఇచ్చే ప్రత్యేక బహుమతి. అది సాధారణంగా పతకం కాకుండా ఒక కళాఖండమో పాత్రో అవుతుంది.

కంసాలి భాషలో వెర్మీల్ అంటే బంగారు పూత వేసిన వెండి. ప్రదర్శనల్లో మాత్రం అది ఒక మెట్టు పేరు, అంతే. వెర్మీల్ అని రాసి ఉన్న పతకం బంగారు పూత పూసిన ఇత్తడి కావచ్చు, కంచు కావచ్చు. గోల్డ్, సిల్వర్ కూడా అంతే.

ఈ మెట్లను పాత ప్రదర్శనలకు అంటగట్టకండి. పాతకాలంలో మెట్లు తక్కువ. కాబట్టి అప్పటి సిల్వర్‌ను ఇప్పటి 70 మార్కులతో పోల్చడం సరికాదు. యువజన విభాగానికీ, ఒకే ఫ్రేము (పేజీలు వరుసగా పెట్టి చూపించే అద్దాల చట్రం) సంగ్రహాలకూ నియమాలు వేరు. ఒకే ఫ్రేము వాటికి చాలాచోట్ల మార్కులు వేసిన ప్రశంసాపత్రమే ఇస్తారు, పతకం ఉండదు. "ఒకే ఫ్రేము విభాగం లార్జ్ గోల్డ్ పతకం" అని ఎవరైనా అమ్మజూపితే కాగితం చూపించమని అడగండి.

ప్రశ్న: పతకం మీద సిల్వర్ అని ఉంది. నిజంగా వెండో కాదో ఇంట్లోనే తెలుసుకునే మార్గం ఉందా? గీటురాయి మీద గీయించమంటారా?

జవాబు: గీయించవద్దు. గీటురాయి పైపొరనే చూస్తుంది, పైగా అంచు మీద ఎప్పటికీ పోని గాటు పెడుతుంది. నీటి తూకం చాలు. పతకానికి ఏ హానీ లేదు, పావుగంట పని.

ముందుగా ఒక అయస్కాంతం దగ్గర పెట్టండి. అతుక్కుంటే లోపల ఇనుమో నికెలో ఉన్నట్టు, ఇక తూకం అక్కర్లేదు. అతుక్కోలేదంటే వెండి అని కాదు, ఇత్తడీ కంచూ కూడా అతుక్కోవు.

గ్రాములో నూరో వంతు చూపించే డిజిటల్ తూకం కావాలి. పొడి పతకాన్ని తూచి రాసుకోండి. 61.20 గ్రాములు వచ్చిందనుకుందాం. చిన్న గాజు గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి తూకం మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చుకోండి. పతకాన్ని సన్నని నైలాన్ దారంతో కట్టి, చేత్తో వేలాడదీస్తూ నీళ్ళలో పూర్తిగా ముంచండి. అడుగుకూ గోడలకూ తగలకూడదు. ఇప్పుడు తూకం చూపించే అంకె పతకం తోసిన నీటి బరువు. అది 5.92 అయితే, 61.20ని 5.92తో భాగించండి. 10.34 వస్తుంది. 925 వెండికి (వెయ్యి వంతుల్లో 925 వంతులు వెండి ఉన్నదానికి) 10.3 నుంచి 10.4 వరకు రావాలి కాబట్టి ఇది వెండితో సరిపోయింది.

మిగతా లోహాల అంకెలు కూడా గుర్తుపెట్టుకోండి. స్వచ్ఛమైన వెండి 10.5, కంచు 8.7 నుంచి 8.9, ఇత్తడి 8.4 నుంచి 8.7, జింకు మిశ్రమం 6.6 నుంచి 6.8, అల్యూమినియం 2.7. 18 క్యారెట్ల బంగారం 15 దాటుతుంది. పూత ఎంత మెరిసినా ఈ లెక్కను మార్చలేదు, ఎందుకంటే దాని మందం మైక్రాన్లలోనే ఉంటుంది.

లెక్క ఎక్కడ తప్పుతుందంటే, ఎత్తుగా చెక్కిన బొమ్మల సందుల్లో గాలి బుడగలు నిలుస్తాయి. అప్పుడు తోసిన నీరు ఎక్కువగా కనిపించి వెండి కూడా 9.8గా తేలుతుంది. నీటిలో ఒక చుక్క పాత్రల సబ్బు కలిపి, పతకాన్ని ఒకసారి ఊపి ముంచితే బుడగలు పోతాయి. పతకం అడుగుకు తగిలితే అంకె ఒక్కసారిగా పెరిగిపోతుంది, అది వెంటనే తెలిసిపోతుంది. చిన్న పతకాలతో మాత్రం జాగ్రత్త. 20.60 గ్రాముల వెండి పతకం 2.00 గ్రాముల నీటిని తోస్తుంది. అక్కడ 0.05 తేడా వచ్చినా ఫలితం 10.3 నుంచి 10.05కు పడిపోతుంది. అలాంటివాటిని మూడుసార్లు తూచి సగటు తీయండి. ఎనామిల్ ఉన్నవి, రిబ్బను కొక్కెం ఉన్నవి, చెక్కకో రాతికో అతికించినవి ఈ పరీక్షకు పనికిరావు. అయిపోయాక మెత్తని నూలుగుడ్డతో అద్ది వెంటనే ఆరబెట్టండి, రుద్దవద్దు.

బంగారం దుకాణాల్లో ఉండే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం (ఎక్స్‌రేలతో లోహాన్ని గుర్తించేది) కూడా హాని చెయ్యదు. కాకపోతే అది చూసేది ప్రధానంగా పైపొరను. పూత పతకాన్ని పెడితే బంగారం ఉందని చూపిస్తుంది. అంచు మీద పూత అరిగినచోట చూడమని అడగండి.

ప్రశ్న: పేరు చెక్కిన పతకానికి విలువ ఎక్కువంటారు. ఆ పేరు తరవాత ఎవరో చెక్కించింది కాదని ఎలా తెలుస్తుంది?

జవాబు: పేరు ఉంటే పతకానికి ఒక చరిత్ర ఏర్పడుతుంది. ఫలానా సంగ్రహానికి ఫలానా ఊళ్ళో ఇచ్చారని తెలుస్తుంది. అందుకే మోసం కూడా అక్కడే.

10 రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం కింద, దీపాన్ని పక్కనుంచి వాల్చి అక్షరాల గాడిని చూడండి. చేత్తో చెక్కిన గీత ఒకచోట సన్నగా, ఒకచోట వెడల్పుగా సాగుతుంది. ఉలి ఆగి మళ్ళీ మొదలైన చోట చిన్న నున్నని పలక తళుక్కుమంటుంది. పాంటోగ్రాఫ్ యంత్రంతో (నమూనా అక్షరాల వెంబడి సూదిని నడిపి చెక్కేది) చెక్కిన గీత మొదటి నుంచి చివరి వరకు ఒకే వెడల్పులో ఉంటుంది. లేజర్‌తో చేసింది నల్లగా, లోతు లేకుండా ఉండి, అడుగున వరుసగా చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. 1930ల పతకం మీద లేజర్ అక్షరాలుంటే ఇక సందేహం అక్కర్లేదు, అవి ఈమధ్య చేర్చినవే.

తరవాత గాడి లోపలి రంగు చూడండి. పతకం ఉపరితలం ఏళ్ళ తరబడి నల్లబడి, గాడి లోపల మాత్రం లోహం కొత్తగా మెరుస్తుంటే అనుమానించాలి. గాడి అంచుల్లో పైకి లేచిన సన్నని పొట్టు గోటికి తగిలితే ఇంకా అనుమానించాలి. పాత చెక్కడంలో ఆ పొట్టు చేతులు మారి అరిగిపోతుంది. పూత పతకాల్లో గాడిలో ఇత్తడి రంగు కనబడటం మాత్రం దోషం కాదు. పూత వేశాకే పేరు చెక్కుతారు కాబట్టి అసలు వాటిలోనూ అలాగే ఉంటుంది. ఆ ఇత్తడి కూడా మాసిపోయి ఉందా అనేదే ప్రశ్న.

ఇవన్నీ చూసినా ఆఖరి మాట పల్మారేది. జ్యూరీ ఫలితాలను అచ్చువేసిన పుస్తకాన్ని పల్మారే అంటారు. పేరు, సంగ్రహం శీర్షిక, వచ్చిన పతకం అందులో ఉంటాయి. పతకం మీది పేరు అందులో అదే స్థాయికి ఎదురుగా ఉండాలి. ప్రదర్శన కేటలాగును దీనికి బదులుగా ఒప్పుకోకండి. అది ప్రదర్శనకు ముందే అచ్చవుతుంది, కాబట్టి ఎవరు పాల్గొన్నారో చెబుతుంది గాని ఎవరికి ఏం వచ్చిందో చెప్పదు. పాత ప్రదర్శనల్లో కొందరు మారుపేరుతో పాల్గొనేవారు. పేరు కనబడకపోతే సంగ్రహం శీర్షికతో కూడా వెతకండి.

ప్రశ్న: పేరు లేని పతకాలు అన్నీ మిగిలిపోయినవేనా?

జవాబు: కాదు. చాలా ప్రదర్శనలు ఖాళీగానే ఇస్తాయి, చెక్కించుకోవడం గ్రహీత ఇష్టం. అయితే మిగిలిన నిల్వ కూడా తరవాత బయటికి వస్తుంది. ఒకే ప్రదర్శనవి ఒకేసారి కొత్తగా, పెట్టెలతో, పేర్లు లేకుండా అమ్మకానికొస్తే అవి ఎవరికీ ఇవ్వనివే అయ్యుండొచ్చు. కొనకూడదని కాదు. జాబితాలో "ప్రదానం కానిది కావచ్చు" అని రాసుకుని, ఆ మేరకే ధర ఇవ్వండి.

ప్రశ్న: ప్లాస్టిక్ జేబుల ఆల్బంలో పెట్టిన కంచు పతకాల మీద ఆకుపచ్చ జిగురు చేరింది. పెట్టెలోనే ఉంచిన వెండివి నల్లబడ్డాయి. ఏం చెయ్యాలి?

జవాబు: రెండు వేరు వేరు జబ్బులు.

పచ్చని జిగురు పీవీసీ పని. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం కాలక్రమేణా బయటికి ఊరుతుంది. దానితోపాటు వచ్చే ఆమ్లం రాగిని తింటుంది. వాసన చూస్తే కొత్త షవర్ కర్టెన్ వాసన వచ్చే జేబులన్నీ ఈరోజే తీసేయండి. వాటి బదులు పాలీప్రొపిలీన్, పాలిథిలీన్, లేదా పాలిస్టర్ అని స్పష్టంగా రాసి ఉన్నవి కొనండి.

జిగురు తీయడానికి శుద్ధమైన అసిటోన్ వాడాలి. గోళ్ళ రంగు తుడిచే ద్రావకం వద్దు, అందులో నూనె, రంగు, సువాసన కలుపుతారు. గాజు గిన్నెలో పతకం మునిగేంత పోసి, పది నిమిషాలు ఉంచి, కొత్త అసిటోన్‌లోకి మార్చండి. ద్రవం పచ్చగా మారడం ఆగేవరకు ఇలా చెయ్యండి. చివర్లో మెత్తని నూలుగుడ్డ మీద పెట్టి ఆరనివ్వండి. కిటికీలు తెరిచి ఉంచాలి, దరిదాపుల్లో నిప్పు గాని స్విచ్చు మెరుపు గాని ఉండకూడదు. ఎనామిల్, రంగులు, వార్నిషు ఉన్న పతకాన్ని అసిటోన్‌లో ముంచకండి. చలవ ఎనామిల్ (కొలిమిలో కాల్చకుండా పూసేది) రేకులుగా లేచిపోతుంది. జిగురు పోయాక దాని కింద గుంటలు కనబడితే అవి ఇక పోవు.

జిగురు లేకుండా పాలిపోయిన ఆకుపచ్చ పొడి చుక్కలుగా లేచి, తుడిచినా కొద్ది రోజుల్లో అదే చోట మళ్ళీ వస్తుంటే అది మామూలు చిలుము కాదు. లోపల క్లోరైడు చేరి తేమ తగిలినప్పుడల్లా కంచును తింటోంది. దాన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేసి, సిలికా జెల్ వేసిన మూతగట్టి డబ్బాలో పెట్టి, లోహ వస్తువుల సంరక్షణ తెలిసినవారికి చూపించండి. దానికి వాడే రసాయనాలు ఇంట్లో వాడదగినవి కావు.

వెండి నల్లబడటానికి కారణం గంధకం. పెట్టెలోని ఉన్ని గుడ్డ, ఫెల్టు, రబ్బరు, జిగురు, కొన్ని రకాల అట్టలు గంధకాన్ని నెమ్మదిగా వదులుతాయి. టేకు, ఓకు లాంటి చెక్క పెట్టెలు ఆమ్ల ఆవిర్లు వదులుతాయి, అవి సీసానికీ కంచుకూ చేటు. అలాగని పాత పెట్టెను పారేయకండి, మూతలోని తయారీదారు పేరు ఒక ఆధారం. పతకాన్ని గట్టి పాలిస్టర్ గుండ్రని డబ్బీలో విడిగా ఉంచి, పెట్టెను దాని పక్కనే అదే సంఖ్యతో భద్రపరచండి. తేమ 40 నుంచి 45 శాతం మధ్య ఉంటే వెండికీ కంచుకీ రెండింటికీ మేలు. సిలికా జెల్ రంగు మారగానే మార్చండి. పట్టుకునేటప్పుడు అంచుల దగ్గరే, నైట్రైల్ తొడుగుల్తో పట్టుకోండి. నూలు తొడుగులు జారుతాయి, పెద్ద పతకం వేళ్ళ సందులోంచి పడితే అంచు నొక్కుకుపోతుంది.

ప్రశ్న: ఆ నల్లదనం పోయేలా పాలిష్ పెట్టొచ్చా?

జవాబు: వద్దు. వెండి పొడి, టూత్‌పేస్టు, వేడినీళ్ళలో సోడా, అల్యూమినియం రేకు, ఏదీ వద్దు. బంగారు పూత మీద ఒకసారి గట్టిగా రుద్దితే ముక్కు కొనలూ, అక్షరాల పైభాగాలూ ఇత్తడిగా బయటపడతాయి, తిరిగి పూత వేయించినా అది మరమ్మతు చేసిన పతకమే అవుతుంది. సమంగా పరుచుకున్న నల్లదనాన్ని చాలామంది సేకర్తలు ఇష్టపడతారు కూడా. మురికి అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి, మెత్తని గుడ్డతో అద్దడం వరకే. బంగారు పూత బుడగలు లేచి ఉంటే అదీ వద్దు.

ప్రశ్న: 1900 ముందు ప్రదర్శనల పతకాలు దొరుకుతాయా? వాటిని గుర్తుపట్టడం ఎలా?

జవాబు: దొరుకుతాయి, కాకపోతే ఓపిక కావాలి. అంతర్జాతీయ స్టాంపు ప్రదర్శన మొదట 1881లో వియన్నాలో జరిగింది. పెన్నీ బ్లాక్‌కు 50 ఏళ్ళు నిండిన 1890లో వియన్నా, లండన్ రెండుచోట్లా పెద్ద ప్రదర్శనలు పెట్టారు. 1897లో లండన్‌లో మళ్ళీ, 1906లో ఇంకోసారి. ఈ కాలపు పతకాలు సాధారణ నాణేల, పతకాల వేలాల్లోనే ఎక్కువగా బయటపడతాయి. అమ్మేవాళ్ళకు స్టాంపుల సంగతి తెలియక "తపాలా పతకం" అనో "ప్రదర్శన పతకం" అనో రాస్తారు. అందుకే "స్టాంపు" అన్న మాటతోనే వెతికితే చాలా తప్పిపోతాయి. నగరం పేరు, సంవత్సరం, "ఫిలాటెలిక్", "జూబిలీ" అన్న మాటలతో విడివిడిగా వెతకండి.

వీటికి అంచు ప్రాణం. పారిస్ టంకశాల 1880 నుంచి తన పతకాల అంచు మీద సమృద్ధి కొమ్ము, అంటే పళ్ళూ పువ్వులూ నిండిన కొమ్ము, ముద్ర కొట్టి పక్కనే లోహం పేరు వేస్తోంది. కొమ్ము ఉంటే 1880 తరవాతిదని తెలుస్తుంది, అంతే. అదే అచ్చుతో దశాబ్దాల తరవాత కొట్టినవాటికీ ఆ ముద్ర ఉంటుంది. కొన్నిటికి కొట్టిన సంవత్సరం కూడా అంచునే వేస్తారు, అది చూసి తేల్చుకోవాలి. బ్రిటన్ వెండి పతకాలు ఇంకా స్పష్టంగా మాట్లాడతాయి. నడిచే సింహం ముద్ర ఉంటే 925 వెండి. ముద్ర వేసిన ఊరిని ఇంకో గుర్తు చెబుతుంది: చిరుతపులి తల లండన్, లంగరు బర్మింగ్‌హామ్. వాటి పక్కన ఉండే అక్షరం ఏటా మారేది, పట్టిక చూసి అది ఏ ఏటిదో తెలుసుకోవచ్చు. 1890 ప్రదర్శన పేరున్న పతకం మీద 1920ల అక్షరం ఉంటే అది మళ్ళీ కొట్టినది.

పోతపోసిన నకళ్ళు కూడా ఉన్నాయి. అచ్చులో పోసిన లోహం చల్లారుతూ కుంచించుకుపోతుంది కాబట్టి నకలు అసలుకన్నా ఒకటి రెండు శాతం చిన్నదవుతుంది. 60 మిల్లీమీటర్ల పతకం 59కి దగ్గరగా ఉంటే, అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటే, అంచు చుట్టూ ఆకురాయితో అరగదీసిన గీతలుంటే పక్కన పెట్టేయండి. వెర్నియర్‌తో మూడుచోట్ల వ్యాసం కొలవడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: నా దగ్గర ఉన్న పెట్టె మూతలో "లార్జ్ గోల్డ్" అని ఉంది, పతకం మీద ఏమీ లేదు. నమ్మొచ్చా?

జవాబు: పెట్టె ఈ పతకానిదే అని ముందు రుజువు కావాలి. చాలా ప్రదర్శనల్లో అన్ని స్థాయిలకూ ఒకే బొమ్మ, ఒకే పరిమాణం, పూత మాత్రమే తేడా. కంచు పతకాన్ని తీసుకొచ్చి పెద్ద పేరున్న పెట్టెలో పెట్టడం కష్టం కాదు.

పెట్టెలో పతకం కూర్చునే గుంత వ్యాసం కొలవండి. పతకం కన్నా అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకే ఎక్కువ ఉండాలి. పతకం తీసి మఖమల్‌ను వాలు వెలుతురులో చూడండి. ఏళ్ళుగా అక్కడే ఉన్న పతకం వెనకవైపు ఎత్తైన గీతలు మఖమల్ నూగు మీద అచ్చుపడి ఉంటాయి, అవి పతకం బొమ్మతో కలవాలి. మూత లోపలి తెల్ల పట్టుగుడ్డ మీద కూడా పతకం ఎదురుగా గుండ్రని నీడలాంటి మరక పడుతుంది. అదీ సరిపోతే పెట్టె పాతదే. అప్పుడు కూడా పూతకూ స్థాయికీ పొంతన చూసుకోండి. లార్జ్ గోల్డ్ పెట్టెలో వెండి రంగు పతకం ఉంటే ఎవరో మార్చేశారు.

ప్రశ్న: ఎక్కడ మొదలుపెట్టాలి? కనబడిందల్లా కొంటున్నాను, గుట్ట పెరుగుతోంది గాని సంగ్రహంలా అనిపించడం లేదు.

జవాబు: ఒక ప్రదర్శనను ఎంచుకోండి. దాని ఎనిమిది మెట్లూ, జ్యూరీ పతకం, కమిషనర్ బ్యాడ్జి, సందర్శకులకు అమ్మిన జ్ఞాపిక, పల్మారే, కేటలాగు, ఒక ప్రశంసాపత్రం ఇవన్నీ కలిపి ఒక పెట్టె నిండేలా చెయ్యండి. మా దృష్టిలో ఇరవై ప్రదర్శనల నుంచి తెచ్చిన ఇరవై కంచు పతకాల కన్నా అది ఎంతో గొప్ప సంగ్రహం. అందులో ప్రతి వస్తువూ పక్క వస్తువును వివరిస్తుంది. ఏది బహుమతో ఏది జ్ఞాపికో పక్కపక్కన పెడితే కంటికే తెలుస్తుంది. ఆ చూపు వచ్చాక మిగతా ప్రదర్శనలవి కొనడం సులువు.

వరుసలుగా వెళ్ళాలనుకునేవారికి లండన్ ప్రదర్శనలు మంచివి. 1950 నుంచి 2010 వరకు పదేళ్ళకొకసారి జరిగాయి. 2020ది వాయిదా పడి 2022లో జరిగింది. అమెరికాలో 1926 న్యూయార్క్, 1936 టైపెక్స్, 1947 సైపెక్స్, 1956 ఫైపెక్స్, 1966 సైపెక్స్, 1976 ఇంటర్‌ఫిల్, 1986 అమెరిపెక్స్ ఒక వరుస. ఇందులో 1947, 1966 పేర్లు తెలుగులో ఒకేలా పలుకుతాయి, ఇంగ్లీషులో మొదటి అక్షరం వేరు (1947ది C, 1966ది S), కాబట్టి జాబితాలో సంవత్సరం తప్పక రాయండి. 1962, 1968, 1978, 1988ల ప్రాగా ప్రదర్శనలు, 1933, 1965, 1981, 2000ల వీపా వియన్నా ప్రదర్శనలు కూడా వరుసగా సేకరించదగ్గవి.

కాగితం మీద ఒక మాట. సేకర్త పోయాక ఆల్బములు వేలానికి వెళతాయి, పతకాలు ఒక మూటలో, ప్రశంసాపత్రాలు ఇంకో సంచీలో విడిపోతాయి. కుటుంబం దగ్గర నేరుగా కొనే అవకాశం వస్తే, పతకాల ధర మాట్లాడే ముందే ఫైళ్ళు, ఉత్తరాలు, ప్రశంసాపత్రాలు కూడా ఇమ్మని అడగండి. అవి చెత్తలోకి వెళ్ళిపోయాక ఎంత డబ్బిచ్చినా తిరిగి రావు.

ప్రశ్న: పల్మారేలు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: స్టాంపు సాహిత్యం అమ్మేవారి దగ్గర దొరుకుతాయి. కేటలాగుల మధ్య పల్చని పుస్తకంలానో, స్టేపుల్ చేసిన కాగితాల్లానో ఉంటాయి కనుక పైపైన చూస్తే తప్పిపోతాయి. కొనలేనివాటికి రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ లండన్, అమెరికన్ ఫిలాటెలిక్ రీసెర్చ్ లైబ్రరీ లాంటి గ్రంథాలయాలకు రాయండి. అడిగేటప్పుడు ప్రదర్శన పేరు, సంవత్సరం, నగరం, పతకం మీది పేరు ఇచ్చి, ఆ ఒక్క పేజీ నకలు చాలని చెప్పండి. పాత స్టాంపు పత్రికల్లోనూ ప్రదర్శన అయిన నెల, ఆ మరుసటి నెల సంచికల్లో ఫలితాల జాబితా ఉండేది.

ప్రశ్న: జాబితాలో ఏమేం రాసుకోవాలి? ఫొటోలు స్కానర్‌తో తీస్తే బొమ్మ చదునుగా వస్తోంది.

జవాబు: స్కానర్ వెలుతురు నేరుగా పడుతుంది, ఎత్తుపల్లాలు మాయమవుతాయి. కెమెరాను పైన నిటారుగా బిగించి, ఒకే దీపాన్ని బల్లకు సుమారు 30 డిగ్రీల వాలులో ఎడమ పైమూల నుంచి వెయ్యండి. ఎదుటివైపు ఒక తెల్ల కాగితం నిలబెడితే నీడలు మరీ నల్లబడవు. బొమ్మ ఎత్తుగా కాకుండా గుంటగా కనబడితే దీపం కింది వైపు ఉందని అర్థం, పైకి మార్చండి. ముందు, వెనక, అంచు మూడూ తీయాలి. అంచును చుట్టూ నాలుగు ముక్కలుగా తీయండి, ముద్రలు అక్కడే ఉంటాయి. పెట్టె మూత లోపలి భాగం నాలుగో ఫొటో.

రాయాల్సినవి: ప్రదర్శన పేరు, నగరం, తేదీలు, ఎవరి పోషణలో జరిగింది (ఎఫ్ఐపీయా, ఖండ స్థాయి సమాఖ్యా, జాతీయ స్థాయా), విభాగం, స్థాయి, గ్రహీత పేరు, సంగ్రహం శీర్షిక, మార్కులు తెలిస్తే మార్కులు, వ్యాసం, మందం, బరువు, నీటి తూకం అంకె, అంచు ముద్రలు, పెట్టె ఉందా, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నది. స్థాయిని ఏ ఆధారంతో రాశారో పక్కనే రాయండి: పతకం మీద ఉందా, పెట్టె మీదా, పల్మారేలోనా, అమ్మినవాడి మాటా. ఇది అందరూ వదిలేసే గడి. పదేళ్ళ తరవాత మీ జాబితా చూసేవారికి మిగతా గడులన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది అదే.

ప్రశ్న: ఈ పతకాలను స్టాంపు ప్రదర్శనలో ఫ్రేములో పెట్టి పోటీకి పంపొచ్చా?

జవాబు: ఓపెన్ ఫిలాటెలీ విభాగంలో పంపొచ్చు. అక్కడ కనీసం సగం స్టాంపులకు సంబంధించిన సామగ్రి ఉండాలి, మిగతా సగంలో పతకాలకు చోటుంది. ప్రదర్శన కోసం వేసిన స్టాంపులు, ప్రత్యేక ముద్రలు, కవర్లు ఎలాగూ ఉంటాయి కాబట్టి ఆ సగం కష్టం కాదు. కష్టమంతా మందంతోనే. ఫ్రేము అద్దానికీ బోర్డుకూ మధ్య ఖాళీ ఎంతో నిర్వాహకులను ముందే అడిగి, అందులో పట్టేదే ఎంచుకోండి. పేజీకి వెనక గట్టి అట్ట పెట్టి, పతకం మేరకు రంధ్రం కోసి, పాలిస్టర్ పట్టీలతో అంచుల దగ్గర నిలపండి. జిగురు, రెండువైపుల అంటే టేపు వాడకండి. 60 గ్రాముల బరువు మామూలు పేజీని వారంలో కిందికి లాగి వంచేస్తుంది, అందుకే పతకమున్న పేజీని ఫ్రేములో అడుగు వరుసలో పెట్టేలా సంగ్రహాన్ని అమర్చుకోండి.